పాసవుట్ అయ్యారా, పడిపోయారా?

మన కాలేజీ కుర్రాడి నోట అది డిగ్రీ పూర్తయినట్టు. అమెరికా డాక్టరు నోట స్పృహ తప్పినట్టు. అక్కడి టీచరు నోట కాగితాలు పంచినట్టు. రెండు చిన్న ఇంగ్లీషు మాటల జోడీ ఇన్ని వేషాలు ఎందుకు వేస్తోంది? ఇంతకీ మన వాడుక తప్పా?

ఒక సన్నివేశం ఊహించుకోండి. కొడుకు దగ్గర ఆర్నెల్లు గడుపుదామని గుంటూరు నుంచి డాలస్ వెళ్లారు ఓ రిటైర్డ్ లెక్చరరు గారు. ఓ ఉదయం బాత్రూంలో కాలు జారింది. తల వాష్‌బేసిన్ అంచుకు తగిలింది. కొడుకు హడావుడిగా ఆస్పత్రికి తీసుకెళ్లి, ఎమర్జెన్సీ గుమ్మం దగ్గర దింపి, కారు పార్క్ చేయడానికి వెళ్లాడు. ఈలోపే డాక్టరు వచ్చి పెద్దాయన్ని అడిగాడు: "డిడ్ యు పాస్ అవుట్?" తలకు తగిలిన దెబ్బకూ తన చదువుకూ సంబంధమేమిటో ఆయనకు బోధపడలేదు. అయినా అడిగింది డాక్టరు కదా అని వినయంగా జవాబిచ్చారు: "యెస్, యెస్. ఆంధ్రా యూనివర్సిటీ, 1974."

చదివితే నవ్వొస్తుంది. కానీ డాక్టరు అడిగింది చదువు గురించి కాదు, స్పృహ తప్పిందా అని. తలకు దెబ్బ తగిలినప్పుడు మనిషికి స్పృహ తప్పిందా లేదా అన్నది కీలకమైన సమాచారం. స్కాన్ తీయాలా వద్దా, ఎంతసేపు పరిశీలనలో ఉంచాలి లాంటి నిర్ణయాలకు అదో ముఖ్యమైన ఆధారం. పెద్దాయన 'యెస్' అన్నందుకు మహా అయితే అవసరం లేని స్కాన్ ఒకటి, దాని తాలూకు బిల్లు ఒకటి మీద పడతాయి. తిరగేసి చూడండి. నిజంగానే రెండు నిమిషాలు ఒళ్లు తెలియకుండా పడి ఉన్న మనిషి, డిగ్రీ మధ్యలో మానేసిన సంగతి గుర్తొచ్చి 'నో' అంటే? అప్పుడది నవ్వులాట కాదు.

సన్నివేశం కల్పితమే. అందులోని చిక్కు మాత్రం కల్పితం కాదు. 2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో చదువుకున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. ఆ ఏడాది చైనాను దాటి మనమే మొదటి స్థానంలోకి వచ్చాం. వారిలో తెలుగు పిల్లలు ఎందరుంటారో మన ఊళ్లలో ఏ వీధిలో అడిగినా తెలుస్తుంది. పిల్లల వెనకే తల్లిదండ్రులూ వెళుతున్నారు, వస్తున్నారు. వీళ్లందరి సూట్‌కేసుల్లో ఆవకాయతో పాటు మన ఇంగ్లీషు కూడా ప్రయాణం చేస్తోంది. ఆవకాయ మూత బిగించి పంపుతాం. మాటలకు మూత ఉండదు.

మెలిక 'అవుట్'లోనే

క్రియకు అప్, ఆఫ్, ఆన్, అవుట్ లాంటి చిన్న మాట ఒకటి తగిలించి కొత్త అర్థం పుట్టించడం ఇంగ్లీషుకు వెన్నతో పెట్టిన విద్య. గివ్ అంటే ఇవ్వడం. గివ్ అప్ అంటే వదులుకోవడం. పుట్ అంటే పెట్టడం. పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయడం. వ్యాకరణంలో వీటిని ఫ్రేజల్ వెర్బ్స్ అంటారు. ఇలాంటి జోడీలు వేలల్లో ఉన్నాయి. పాస్ అవుట్ వాటిలో ఒకటి.

దీనికి ప్రధానంగా నాలుగు అర్థాలున్నాయి. మొదటిది స్పృహ తప్పడం. ఎండకు, ఆకలికి, నొప్పికి, భయానికి, అన్నింటికీ మించి మందు ఎక్కువైనందుకు. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారికి ముందుగా తట్టే అర్థం ఇదే. రెండోది పంచిపెట్టడం. అమెరికా క్లాసురూంలో 'పాస్ అవుట్ ద పేపర్స్' అంటే ప్రశ్నపత్రాలో జవాబు పత్రాలో అందరికీ పంచమని. మూడోది బ్రిటిష్ వాడుక. సైనిక కళాశాలలోనో, పోలీసు శిక్షణ సంస్థలోనో శిక్షణ పూర్తి చేసుకుని బయటికి రావడం. నాలుగోది మనది. ఏ చదువైనా సరే, పూర్తి చేసి బయటపడడం. ఇవి చాలవన్నట్టు బ్రిడ్జి ఆడేవారికి ఇంకో అర్థం కూడా తెలుసు. నలుగురు ఆటగాళ్లూ వేలం పాడకుండా 'పాస్' అంటే ఆ పంపకం పాస్డ్ అవుట్. అంటే ఆ చేతికి ఆటే లేదు.

ఇన్ని అర్థాలు ఎక్కడి నుంచి ఊడిపడ్డాయి? 'పాస్'లో పెద్ద రహస్యమేమీ లేదు. దాటడం, సాగిపోవడం అంతే. మెలికంతా ఆ వెనకున్న 'అవుట్'లో ఉంది. ఇంగ్లీషులో దీపం ఆరిపోతే 'గో అవుట్' అంటారు. ఆర్పేస్తే 'పుట్ అవుట్'. బాక్సింగులో ఒళ్లు తెలియకుండా పడేలా కొడితే 'నాకౌట్'. కళ్ల ముందు చీకట్లు కమ్మితే 'బ్లాకవుట్'. ఇది ఆరిపోవడాన్ని చెప్పే అవుట్. స్పృహ తప్పడమంటే లోపలి దీపం కాసేపు ఆరడమే కదా. ఇక 'హ్యాండ్ అవుట్', 'గివ్ అవుట్' లాంటి వాటిలో ఉన్నది పంపకాన్ని చెప్పే అవుట్. చేతిలో ఉన్నది నలుగురి చేతుల్లోకి వెళ్లడం. మూడోది బయటికి నడిపించే అవుట్. అసెంబ్లీ నుంచి ప్రతిపక్షం చేసే 'వాకౌట్'లో ఉన్నది అదే. శిక్షణ సంస్థ గేటు దాటే క్యాడెట్‌కూ, కాలేజీ గేటు దాటే మన కుర్రాడికీ తగులుకున్నది కూడా అదే.

అంటే పాస్ అవుట్ అనే ఒక్క మాటకు అర్థాలు అడ్డదిడ్డంగా పుట్టలేదు. మూడు వేర్వేరు 'అవుట్'లు మూడు దారుల్లో వచ్చి ఒకే 'పాస్'కు అతుక్కున్నాయి. ఈ సంగతి పట్టుకుంటే ఫ్రేజల్ వెర్బుల జాబితాలు బట్టీ పట్టే బాధ చాలావరకు తప్పుతుంది.

వాక్యంలో ఏ అర్థమో పోల్చుకోవడానికీ ఓ గుర్తుంది. దేన్ని అనే ప్రశ్నకు జవాబు దొరికితే అది పంచడం. కాగితాలను, కరపత్రాలను, చాక్లెట్లను. ఈ అర్థంలో మాటలను విడదీయవచ్చు కూడా: 'పాస్ ద పేపర్స్ అవుట్' అన్నా చెల్లుతుంది. దేన్ని అనే ప్రశ్నకు జవాబు లేకపోతే అది స్పృహ తప్పడమో, చదువు ముగియడమో అయి ఉండాలి. ఆ రెండింటిలో ఏది అనేదే అసలు తంటా. ఎందుకంటే రెండింటి వెనకా 'ఫ్రమ్' వచ్చి కూర్చుంటుంది. 'పాస్డ్ అవుట్ ఫ్రమ్ ద హీట్' అంటే ఎండకు సొమ్మసిల్లాడని. 'పాస్డ్ అవుట్ ఫ్రమ్ ఉస్మానియా' అంటే ఉస్మానియాలో చదువు పూర్తి చేశాడని. మొదటి వాక్యం అందరికీ తెలుసు. రెండోది మనకు తెలుసు. తెలియని శ్రోత మాత్రం ఉస్మానియా పేరు విని అదేదో మత్తుమందు అనుకున్నా అతని తప్పేం లేదు.

రెండు అర్థాలూ కలిసే మైదానం

శిక్షణ పూర్తయిందన్న అర్థం మన పత్రికల పాఠకులకు కొత్త కాదు. 'పాసింగ్ అవుట్ పరేడ్' ఫొటో ఏటా కనిపించేదే. డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీలో ఏటా జూన్‌లోనూ డిసెంబర్‌లోనూ ఈ కవాతు జరుగుతుంది. 1932లో 40 మంది క్యాడెట్లతో మొదలైన ఆ సంస్థ తొలి బ్యాచ్‌లో శాం మానెక్‌షా ఉన్నారు. తర్వాత పాకిస్థాన్ సైన్యానికి అధిపతి అయిన మహమ్మద్ మూసా, బర్మా సైన్యానికి అధిపతి అయిన స్మిత్ డన్ కూడా అదే బ్యాచ్. మూడు దేశాల సేనాధిపతులు ఒకే గేటు నుంచి పాసవుట్ అయ్యారన్నమాట. కవాతు చివర చెట్‌వుడ్ భవనం మెట్ల మీదుగా నెమ్మదిగా సాగుతూ క్యాడెట్లు వేసే ఆఖరి అడుగుకు అక్కడ 'అంతిమ్ పగ్' అని పేరు. ఆ అడుగుతో క్యాడెట్ కాస్తా అధికారి అవుతాడు. పాస్ అవుట్‌లోని 'బయటికి' అనే అర్థం ఆ అడుగులో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

తమాషా ఏమిటంటే హైదరాబాద్ శివార్లలోని దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో ఇలాంటి వేడుకనే 'కంబైన్డ్ గ్రాడ్యుయేషన్ పరేడ్' అంటారు. ఒకే దేశం, ఒకే తరహా కవాతు. పేరు ఒక చోట పాసింగ్ అవుట్, ఇంకో చోట గ్రాడ్యుయేషన్.

ఈ మాటకున్న రెండు ముఖాలూ ఎదురుపడిన చోటు కూడా కవాతు మైదానమే. 2023 జూన్ 10న లండన్‌లో రాజుగారి జన్మదిన కవాతుకు ముందు ప్రిన్స్ విలియం సమక్షంలో సన్నాహక కవాతు జరిగింది. ఎండ 30 డిగ్రీలకు చేరింది. ఒంటిమీద మందపాటి ఉన్ని కోట్లు, తలమీద ఎలుగుబంటి చర్మంతో చేసిన ఎత్తయిన టోపీలు. కనీసం ముగ్గురు సైనికులు నిలుచున్న చోటే కుప్పకూలారు. వారిలో ట్రోంబోన్ వాయిద్యకారుడు ఒకడు లేచి మళ్లీ వాయించబోయిన దృశ్యాన్ని ప్రపంచమంతా టీవీల్లో చూసింది. ఇంగ్లీషు పత్రికలు వాళ్లంతా పాస్ అవుట్ అయ్యారని రాస్తే, ఆ వార్త చదివిన మన వాళ్లలో శిక్షణ ముగిసినందుకు అభినందనలు చెప్పినవాళ్లు లేకపోతే అది అదృష్టమే.

కదలకుండా నిలబడితే ఇలా ఎందుకవుతుంది? నడిచేటప్పుడు పిక్కల కండరాలు బిగుస్తూ, వదులవుతూ కాళ్లలోని రక్తాన్ని పైకి తోస్తాయి. గంటల తరబడి కొయ్యబొమ్మలా నిలబడితే ఆ తోపుడు ఆగిపోతుంది. రక్తం కాళ్లలోనే నిలిచిపోతుంది. ఎండకు రక్తనాళాలు వ్యాకోచించడంతో రక్తపోటు ఇంకా పడిపోతుంది. మెదడుకు చాలినంత రక్తం అందక మనిషి ఒరిగిపోతాడు. నేలమీద పడుకోగానే రక్తం మళ్లీ మెదడుకు చేరి సాధారణంగా క్షణాల్లో తేరుకుంటాడు. అందుకే బూట్ల లోపల కాలివేళ్లు కదుపుతూ ఉండాలని, పిక్కలు బిగిస్తూ వదులుతూ ఉండాలని సైనికులకు నేర్పుతారు. స్కూలు అసెంబ్లీలోనో, ఎండలో క్యూలోనో ఎవరైనా సొమ్మసిల్లితే చేయాల్సింది కూడా ఇదే లెక్కన: లేపి కూర్చోబెట్టకుండా వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తిపెట్టాలి. నిమిషంలో తేరుకోకపోతే 108కి ఫోన్ చేయాలి.

పరీక్షల దేశంలో పుట్టిన అవసరం

బ్రిటిష్ ఇంగ్లీషు ఈ మాటను శిక్షణ సంస్థల ప్రహరీ లోపలే ఉంచింది. మనం దాన్ని ప్రతి కాలేజీకీ, ప్రతి ఐటీఐకీ పంచిపెట్టాం. ఎందుకు? నిర్లక్ష్యమో అజ్ఞానమో కాదు. మనకు ఆ మాటతో పని పడింది కాబట్టి.

1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు పుట్టినప్పుడు వాటి ప్రధానమైన పని పాఠం చెప్పడం కాదు, పరీక్ష పెట్టడం. లండన్ విశ్వవిద్యాలయం నమూనా అది. 1918లో ఉస్మానియా, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చేదాకా తెలుగు జిల్లాల కుర్రాళ్లకు డిగ్రీ అంటే చాలావరకు మద్రాసు పరీక్షే. పాఠం ఎక్కడ చదివావన్నది కాదు, పరీక్ష పాసయ్యావా అన్నదే ప్రశ్న. అలా 'పాస్', 'ఫెయిల్' అనే రెండు మాటలు తెలుగులోకి వచ్చి సొంత పిల్లల్లా కలిసిపోయాయి. మెట్రిక్ పాస్, టెన్త్ ఫెయిల్ అనే మాటలకు ఏ పల్లెలోనూ అనువాదం అక్కర్లేదు. పాసయ్యాడు, కాలేజీ నుంచి అవుట్ అయ్యాడు. రెండూ కలిస్తే పాసవుట్. తెలుగు చెవికి ఇంత తేటగా అర్థమయ్యే ఇంగ్లీషు మాట ఇంకోటి దొరకడం కష్టం. పరీక్ష గట్టెక్కి ఒడ్డున పడ్డాడని మనం తెలుగులో చెప్పుకునేదే ఇంగ్లీషు చొక్కా తొడుక్కుని వచ్చింది.

రెండో కారణం 'గ్రాడ్యుయేట్' అన్న మాటకు మన దగ్గరున్న పరిమితి. అమెరికాలో హైస్కూలు పూర్తిచేసినా గ్రాడ్యుయేట్ అయినట్టే. మన దేశంలో ఆ మాట డిగ్రీ ఉన్నవారి సొత్తు. రాజ్యాంగంలోని 171వ అధికరణం శాసనమండలి స్థానాల్లో పన్నెండో వంతును పట్టభద్రులకు కేటాయించింది. కనీసం మూడేళ్ల కిందట డిగ్రీ పొందినవారే అందులో ఓటర్లు. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఓటరు నమోదు కోసం డిగ్రీ సర్టిఫికెట్ల వెతుకులాట మొదలయ్యేది అందుకే. ఇలాంటి చోట పదో తరగతి పూర్తిచేసినవాణ్ణి, పాలిటెక్నిక్ డిప్లొమా చేతికొచ్చినవాణ్ణి గ్రాడ్యుయేట్ అనలేం. వాళ్లందరికీ కలిపి ఒక మాట కావాలి. పాసవుట్ ఆ ఖాళీని పూరించింది.

పూరించి ఊరుకోలేదు. క్రియగా వచ్చినది నామవాచకంగా స్థిరపడింది. అమీర్‌పేటలో ఏ కోచింగ్ సెంటరు బోర్డు కిందైనా కాసేపు నిలబడండి. కుర్రాళ్ల పరిచయాలు ఊరు పేరుతో కాదు, ఏడాదితో మొదలవుతాయి. 'నేను 2022 పాసవుట్.' 'నాది 2023.' ఇక్కడ పాసవుట్ అంటే మనిషి. ఆ మనిషికి తగిలించిన ముద్ర కూడా. ఫలానా సంవత్సరం పాసవుట్స్ మాత్రమే దరఖాస్తు చేయాలని కంపెనీలు షరతు పెడతాయి. అదే బ్యాచ్‌లో చేరినా ఓ సబ్జెక్టు మిగిలిపోయి ఏడాది ఆలస్యంగా గట్టెక్కినవాడు వేరే సంవత్సరపు పాసవుట్ అవుతాడు. 2001లో, 2008-09లో, మళ్లీ 2023లో ఐటీ నియామకాలు తగ్గినప్పుడు చదువు ముగించుకున్నవారికి ఈ మాట బరువెంతో తెలుసు. మార్కులు తక్కువై కాదు, తప్పుడు సంవత్సరంలో పాసవుట్ కావడం వల్లే వాళ్లలో చాలామంది క్యూలో వెనకబడ్డారు. నిఘంటువులో చోటుందో లేదో గాని, బతుకులో దీనికున్న చోటు చిన్నది కాదు.

నిలబడడంలో పడడం ఎందుకు?

ఫ్రేజల్ వెర్బులతో తల పట్టుకునేది మనమొక్కరమే కాదు. 1755లో తన ప్రఖ్యాత నిఘంటువుకు రాసిన ముందుమాటలోనే శామ్యూల్ జాన్సన్ ఈ జోడీల గురించి హెచ్చరించాడు. విదేశీయులను అన్నింటికన్నా ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి ఇవేనని గుర్తించి వీటిని ప్రత్యేకంగా సేకరించాడు. అప్పటికి వీటికి పేరు కూడా లేదు. 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ తన పుస్తకంలో 'ఫ్రేజల్ వెర్బ్' అన్న పేరు వాడాడు. ఆ పేరు సూచించింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ. ఇవాళ మన విద్యార్థుల బల్లల మీద కనిపించే ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ పుట్టుక కూడా ఈ తంటాతో ముడిపడినదే. జపాన్‌లో ఇంగ్లీషు బోధించిన ఎ.ఎస్. హార్న్‌బీ, అక్కడి విద్యార్థులు క్రియల దగ్గర పడుతున్న అవస్థ చూసి తయారుచేసిన నిఘంటువు 1942లో టోక్యోలో వెలువడింది. ఆక్స్‌ఫర్డ్ దాన్ని 1948లో తన పేరుతో ప్రచురించింది.

ఇంగ్లీషువాళ్లకు వేరే పనిలేక ఇలా చేశారనుకుంటే పొరపాటు. తెలుగు నేర్చుకునే విదేశీయుణ్ణి అడగండి. పడు అంటే కింద పడడమని అతను కష్టపడి నేర్చుకుంటాడు. మర్నాడు 'నిలబడ్డాడు' అనే మాట ఎదురవుతుంది. నిలబడడంలో పడడం ఎందుకుంది? 'బాగుపడ్డాడు'లో పడ్డవాడికి దెబ్బ ఎందుకు తగల్లేదు? 'కష్టపడ్డాడు', 'బయటపడ్డాడు', 'స్థిరపడ్డాడు'... ఎంతమంది ఎన్నిసార్లు పడతారు? చేయి అనే మాట తెలిసిందని సంతోషించేలోపు 'చేయి చేసుకున్నాడు' అంటే కొట్టాడని, 'చెయ్యిచ్చాడు' అంటే మోసం చేశాడని, 'చేతులెత్తేశాడు' అంటే తన వల్ల కాదన్నాడని తెలుస్తుంది. ఇక 'పోవు' సంగతి సరేసరి. వెళ్లిపోయాడు, నిద్రపోయాడు, అలసిపోయాడు. చివరికి మూర్ఛపోయాడు.

ఆ చివరి మాట దగ్గర కాస్త ఆగండి. స్పృహ తప్పడాన్ని చెప్పడానికి ఇంగ్లీషువాడు 'అవుట్'ను ఆశ్రయిస్తే మనం 'పోవు'ను ఆశ్రయించాం. రెండూ వెళ్లిపోవడాన్ని చెప్పే మాటలే. స్పృహ అనేది ఒంట్లోంచి కాసేపు ఎటో వెళ్లివస్తుందన్న ఊహ ఏడు సముద్రాలకు అటూ ఇటూ ఒకేలా ఉంది. 'మూర్ఛపోయాడు' తెలిసినవాడికి 'పాస్డ్ అవుట్' అంత అయోమయంగా ఉండాల్సిన పనిలేదు.

తప్పా, ఒప్పా?

అసలు ప్రశ్నకు వద్దాం. 'ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2022' అన్నవాడి ఇంగ్లీషు తప్పా? మన దేశంలో ఇంగ్లీషు తప్పులు పట్టడం చాలాకాలంగా హోదా చూపించుకునే పద్ధతుల్లో ఒకటి. జిల్లా కేంద్రంలోని ఇంజనీరింగ్ కాలేజీలో చదివి తొలి ఇంటర్వ్యూకి వచ్చిన కుర్రాడు ఈ వాక్యం అనగానే బల్లకు అవతల ఓ చిరునవ్వు మెరిస్తే, ఆ తర్వాత అతనికి తెలిసిన జావా గాని, యంత్రాల లెక్కలు గాని నోటికి రావు. ఆ నవ్విన మనిషి కంపెనీ ప్రకటనలోనే 'పాసవుట్స్ మాత్రమే' అని ఉంటుందన్నది వేరే సంగతి.

ఇంగ్లీషు బోధన మీద పనిచేయడానికి 1958లో హైదరాబాద్‌లో కేంద్ర ఇంగ్లీషు సంస్థ ఏర్పాటైంది. సీఫెల్‌గా ఎదిగిన ఆ సంస్థ 2007 నుంచి ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ. అప్పటి నుంచి ఇప్పటిదాకా భాషావేత్తలు ఒక సంగతి పదేపదే చెబుతూనే ఉన్నారు. కోట్లమంది ఒకే అర్థంలో వాడి, ఒకే అర్థంలో గ్రహించే మాట తప్పు కాదు, ఆ ప్రాంతపు వాడుక. అమెరికన్లు 'ఫాల్' అంటే బ్రిటిష్‌వాళ్లు 'ఆటమ్' అన్నట్టే ఇదీ. తేదీని ముందుకు జరపడాన్ని మనం 'ప్రీపోన్' అంటే ఒకప్పుడు నవ్వారు. ఇప్పుడా మాట ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోనే ఉంది.

అయితే ఒప్పు అయినంత మాత్రాన అన్నిచోట్లా చెల్లుతుందని కాదు. మన రూపాయి నకిలీ నోటు కాదు. విజయవాడలో దానితో ఏదైనా కొనవచ్చు. డాలస్‌లో దిగగానే మార్చుకోక తప్పదు. మార్చుకున్నందుకు రూపాయిని చూసి సిగ్గుపడనక్కర్లేదు. మాటకూ అదే న్యాయం.

మార్చుకునే పద్ధతి కష్టమేమీ కాదు. విదేశీ కంపెనీకో విశ్వవిద్యాలయానికో పంపే రెజ్యూమెలో డిగ్రీ విషయంలో 'గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2022' అంటే ఎక్కడైనా అర్థమవుతుంది. డిప్లొమాకు, ఇంటర్‌కు 'కంప్లీటెడ్' చాలు. ఇంకా తేలికైన దారి క్రియే లేకుండా కోర్సు పేరు, పక్కన సంవత్సరం రాయడం. అమెరికాలో టీచింగ్ అసిస్టెంట్‌గా చేరిన కుర్రాడికి ప్రొఫెసర్ 'పాస్ అవుట్ ద క్విజ్' అంటే కాగితాలు పంచమని. పరీక్ష పాసై బయటికి వెళ్లమని కాదు. బ్రిటన్ ఆస్పత్రుల్లో పనిచేయడానికి వెళ్లే మన డాక్టర్లు, నర్సులు రోగి నోట ఆ మాట వింటే వెంటనే అడగాల్సిన ప్రశ్న 'ఎంతసేపు?' అనే. ఏ సంవత్సరం అని కాదు.

పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకు ఇంకా సులువైన చిట్కా ఒకటుంది. ఆస్పత్రిలో ఆ రెండు మాటలు వినిపిస్తే, ముందు వెనక చూడకుండా, అది మన కాలేజీ గురించి కాదనే అనుకోవాలి. జవాబులో ఆ మాటను తిరిగి వాడకుండా 'ఫెయింట్' అనే పాత మాటతో చెప్పాలి. అది ఇక్కడా అక్కడా ఒకే అర్థమిస్తుంది. బయలుదేరేముందు పిల్లలు పెద్దవాళ్లకు మందుల చీటీ, ఇన్సూరెన్సు కార్డు అప్పగించేటప్పుడు ఈ ఒక్క ముక్క కూడా చెవిన వేస్తే నష్టం లేదు.

అప్పుడు మన లెక్చరరు గారు తడుముకోకుండా చెబుతారు: "నో డాక్టర్, ఐ డిడ్ నాట్ ఫెయింట్." 1974 ముచ్చట్లు ఇంటికెళ్లాక తీరిగ్గా కాఫీ తాగుతూ మనవడికి చెప్పుకోవచ్చు.